సప్తపదికి పిమ్మట సముద్రము: జీవితభాగస్వామికి అమెరికా వలసవీసా

సముద్రముల కావల ఉద్యోగము చేయు యువకుడు సెలవుపై స్వదేశమునకు వచ్చి, మూడు నాలుగు వారములలోనే నిశ్చితార్థము, వివాహము, సత్యనారాయణవ్రతము ముగించుకొని, గుమ్మమునకు కట్టిన తోరణము పూర్తిగా వాడకముందే ఒంటరిగా విమానమెక్కుట, కోనసీమ మొదలు కరీంనగరము వరకు తెలుగు కుటుంబములకు క్రొత్త సంగతి కాదు. ఆ పిమ్మట వధువు పుట్టింటనో అత్తవారింటనో ఉండి, "కాగితాలు ఎంతవరకు వచ్చాయమ్మా?" అని అడుగువారికెల్ల సమాధానము చెప్పుకొనుచు గడపవలసిన కాలము నెలలు కావచ్చును, సంవత్సరములును కావచ్చును. ఈ ఎడబాటు ఎంతకాలమనునది అదృష్టముపై ఆధారపడునని పెద్దలు తలంతురు గాని, చాలవరకు దానిని నిర్ణయించునవి మూడే: విదేశమున వరునికి గల నివాసస్థితి, వివాహము జరిగిన తేదీ, దంపతుల పత్రముల శుద్ధి. ఈ మూడును ముహూర్తము పెట్టుకొనకముందే విచారింపదగినవనియు, పెద్దలే గాక వధువు స్వయముగా గ్రహింపదగినవనియు చెప్పుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము. సౌలభ్యము కొఱకు భర్త అమెరికాలోను భార్య ఇచ్చటను ఉన్నట్లు వ్రాయుచున్నాను. భార్యయే అచ్చట ఉద్యోగము చేయుచు భర్తను పిలిపించుకొను సందర్భములును నేడు అనేకములు కలవు, వారికిని విధానమిదియే.

మొట్టమొదట తెలియవలసినది తాత్కాలిక వీసాకును వలసవీసాకును గల భేదము. హెచ్-1బి వీసాపై ఉన్నవాడు ఆ దేశమున తాత్కాలికోద్యోగి మాత్రమే కనుక, వలసవీసా కొఱకు భార్య పేర పిటిషను వేయు అధికారము అతనికి లేదు. అతని భార్య హెచ్-4 వీసాపై పోవచ్చును. కాని ఆ వీసా భర్త ఉద్యోగమును అంటిపెట్టుకొని ఉండునట్టిది, ఆ ఉద్యోగము పోయిననాడు దాని ఆధారమును పోవును. 2015లో వచ్చిన నియమము ననుసరించి, భర్త గ్రీన్‌కార్డు (శాశ్వతనివాసము) యత్నము ఐ-140 అను ఉద్యోగవలస పిటిషను ఆమోదము వరకు సాగిననే తప్ప, సాధారణముగ ఆమెకు ఉద్యోగము చేయుటకు అనుమతి లభింపదు. వలసవీసా అట్టిది కాదు. దానిని చేతబట్టుకొని ఆ దేశమున ప్రవేశము పొందిన దినము నుండియే ఆమె శాశ్వతనివాసి. ఉద్యోగము చేయుటకు వేరు అనుమతి అక్కరలేదు, భర్త ఉద్యోగము మారినను పోయినను ఆమె స్థితికి భంగము లేదు.

ఇట్టి వీసా రెండు మార్గముల వచ్చును. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 అక్టోబరు 3వ తేదీన స్వేచ్ఛాప్రతిమ పాదమూలమున సంతకము చేసిన వలసచట్టము, జాతినిబట్టి వాటాలు పంచు పూర్వపద్ధతిని తొలగించి, కుటుంబసంబంధమునకు అగ్రస్థానమిచ్చినది. దాని ప్రకారము అమెరికా పౌరుని భార్యకు సాంవత్సరిక పరిమితి యేదియు లేదు; పిటిషను ఆమోదము పొంది పత్రములు పూర్తియైనచో వరుసలో నిలువకయే ఇంటర్వ్యూకు పోవచ్చును. గ్రీన్‌కార్డుపై ఉన్న శాశ్వతనివాసి భార్య మాత్రము ఎఫ్2ఎ అను శ్రేణికి చెందును. కుటుంబవీసాల ద్వితీయశ్రేణికి ఏటేట కేటాయించు 1,14,200 వీసాలలో కనీసము 77 శాతము, శాశ్వతనివాసుల భార్యాభర్తలకును, 21 సంవత్సరములలోపు అవివాహిత సంతానమునకును చెందవలెనని చట్టము చెప్పుచున్నది. అందును ముప్పాతిక భాగమునకు దేశములవారీ పరిమితి వర్తింపదు కనుక, ఉద్యోగశ్రేణులలో భారతీయులను బాధించు దశాబ్దముల నిరీక్షణ ఇచ్చట లేదు. అయినను సంవత్సరముల జాప్యము కలుగుచునే ఉన్నది. పిటిషను దాఖలైన దినమే ప్రయారిటీ డేటు. అమెరికా విదేశాంగశాఖ ప్రతినెల ప్రకటించు వీసా బులెటినులో ఆ తేదీ ఎప్పుడు అందుబాటునకు వచ్చునా యని ఆ దంపతులు ఎదురుచూడవలసియుండును.

ఇక వివాహతేదీ ప్రాముఖ్యము. మన పెద్దలు తారాబలమును, చంద్రబలమును విచారించి ముహూర్తము నిర్ణయింతురు గాని, అమెరికా చట్టమును ఆ తేదీనుండి ఎంతటి ఫలమును తీయుచున్నదో ఎఱుగరు. ఉద్యోగమార్గమున గ్రీన్‌కార్డు పొందువాడు, ఆ కార్డు మంజూరగుటకు ముందే వివాహితుడైనచో, అతని భార్య అతని దరఖాస్తునకు అనుబంధురాలుగా పరిగణింపబడి, అతని ప్రయారిటీ డేటు తోడనే వెనువెంట పోవచ్చును. అతడు ఐ-824 అను ఫారము ద్వారా ఆమె సంగతి కాన్సులేటునకు తెలుపుకొన్న చాలును. అట్లుగాక కార్డు మంజూరైన పిమ్మట, అది మరునాడే యైనను, పెండ్లి చేసికొన్నచో ఆమెకు ఆ హక్కు లేదు. ఎఫ్2ఎ వరుసలో క్రొత్తగా, చివర నిలువవలసినదే. ఒక్క దినపు తేడా సంవత్సరముల ఎడబాటునకు కారణమగుట న్యాయమా అని ప్రశ్నింపవచ్చును, కాని చట్టమట్లున్నది. కనుక వరుని గ్రీన్‌కార్డు చేతికందు వేళ సమీపించిన సంబంధములలో, శాస్త్రోక్తమైన వేడుకను పిమ్మట జరుపుకొన్నను, చట్టబద్ధమైన వివాహమును ముందుగా జరుపుకొనుట మేలేమో ఒక వలసన్యాయవాదిని అడిగి తెలిసికొనుట వివేకము.

శాశ్వతనివాసియైన భర్త సాధారణముగ ఐదు సంవత్సరములు నిండిన పిమ్మట పౌరసత్వము పొందవచ్చును. పొందిన వెంటనే ఆ సంగతి అధికారులకు తెలిపినచో భార్య కేసు వరుసనుండి తప్పి పౌరుని భార్య శ్రేణిలోనికి మారును. అయితే ఇందొక సూక్ష్మము కలదు: ఎఫ్2ఎ శ్రేణిలో తల్లి వెంట అనుబంధముగ పోగల బిడ్డలకు పౌరుని పిటిషనులో ఆ అవకాశము లేదు, ఒక్కొక్క బిడ్డకును వేర్వేరుగ ఐ-130 అను కుటుంబ పిటిషను వేయవలెను. ఇది ఎఱుగక, తల్లికి వీసా వచ్చి బిడ్డ ఆగిపోయిన ఇండ్లు కలవు.

దరఖాస్తు క్రమము దీర్ఘమేగాని గహనము కాదు. భర్త మొదట యూఎస్‌సీఐఎస్ అను వలససేవల సంస్థకు ఐ-130 పిటిషనును, భార్య వివరములు గల ఐ-130ఏ ను సమర్పించును. 2024 ఏప్రిల్ 1 నుండి దీనికి రుసుము ఆన్‌లైనులో 625 డాలర్లు, కాగితముపై 675 డాలర్లు. ఆమోదము లభించిన పిమ్మట కేసు న్యూహాంప్‌షైరు రాష్ట్రమున పోర్ట్స్‌మౌత్ పట్టణమందలి నేషనల్ వీసా సెంటరునకు చేరి, మన దేశపు కేసులకు బీఎంబీ అను బొంబాయి అక్షరములతో మొదలగు సంఖ్యను పొందును. అచ్చట వీసా దరఖాస్తునకు 325 డాలర్లు, పోషణ ప్రమాణపత్రమునకు 120 డాలర్లు చెల్లించి, భార్య డీఎస్-260 ఫారమును పూరించి, పత్రముల ప్రతులను ఎక్కింపవలెను. వీసా అందుబాటులోనున్నదని తెలిసిన పిమ్మట ఒక సంవత్సరము పాటు సమాధానమీయక ఊరకున్నచో పిటిషనే రద్దగు ప్రమాదము కలదు గనుక, ఏ ఉత్తరమును ఉపేక్షింపరాదు.

జాప్యము పుట్టుచోటు పత్రములే. మన గ్రామములలో ప్రసవమైన వెంటనే జననము నమోదు చేయించినను, నామకరణము అప్పటికి కాలేదు గనుక పేరు గడి ఖాళీగా మిగిలిన జననపత్రములు ఎన్నియో కలవు. అట్టి పత్రము చెల్లదు, పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో పేరు చేర్పించుకొని తీరవలెను. బడిలో చేర్చునాడు వయస్సు సరిపోవుటకై పంతులుగారు వేసిన తేదీయే పదవతరగతి సర్టిఫికెటులోను, అందుండి పాస్‌పోర్టులోను చేరి, అసలు పుట్టినతేదీ జననపత్రములో నిలిచిపోవుట మఱియొక చిక్కు. పేర్ల సంగతి చెప్పనక్కరలేదు. ఒక యువతి బడిపత్రమున "వి. సత్యవతి", పాస్‌పోర్టున ఇంటిపేరు విడివడి పూర్తిపేరు, వివాహపత్రమున "సత్య" అనియున్నచో, ముగ్గురును ఒక్కరేయని నిరూపించు భారము ఆమెదే. పెండ్లియైనంతనే ఇంటిపేరు మార్చుకొనవలెనను నియమము వీసాకు లేదు. ఉన్న పేరును అన్ని పత్రములలో ఒకేవిధముగ నిలుపుకొనుటయే సుకరము. జననము అసలు నమోదు కానిచో, లేదను ధ్రువపత్రమును సంపాదించి, దానికి బడి సర్టిఫికెటు మొదలగు ఇతరాధారములను జతపఱుపవలెను. వివాహమునకు ఆధారము రిజిస్ట్రారు ఇచ్చు సర్టిఫికెటు. అన్నవరమునందో మఱియే క్షేత్రమునందో పెండ్లి చేసికొన్నవారు దేవస్థానపు రసీదు చాలునని తలంపరాదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2002లోనే వివాహముల నమోదును నిర్బంధము చేసినది. వరుడు తిరిగి పోకముందే, ఇరువురు కలిసి ఆ పని ముగించుకొనవలెను. పోలీసు క్లియరెన్సు పత్రము పాస్‌పోర్టు కార్యాలయము ద్వారా లభించును.

వివాహము చట్టసమ్మతమైనంత మాత్రమున చాలదు, అది యథార్థమైన దాంపత్యమనియు అధికారికి తోపవలెను. శుభలేఖ, ఇరుకుటుంబముల వారును కనిపించు ఛాయాచిత్రములు, భర్త వచ్చిపోయిన పాస్‌పోర్టు ముద్రలు, ఒకరికొకరు పంపుకొన్న ధనము వివరములు, బీమా పత్రములో నామినీగా వ్రాయించిన పేరు, నిత్యము మాటలాడుకొన్న ఫోను జాబితా, ఇవి యన్నియు ఆధారములే. పెద్దలు కుదిర్చిన వివాహమున పెండ్లికి ముందు పరిచయము అల్పముగ నుండుట దోషము కాదు. సంబంధము ఎవరిద్వారా వచ్చినది, పెండ్లిచూపులు ఎచ్చట జరిగినవి, వివాహమునకు ఎవరెవరు వచ్చిరి అను ప్రశ్నలకు ఉన్నదున్నట్లు చెప్పిన చాలును. కంఠస్థము చేసిన సమాధానముల కంటె సత్యమునకే బలమెక్కువ. ఒక్క అసత్యము బయటపడినచో ఈ దరఖాస్తే గాక ముందు వేయబోవు దరఖాస్తులును చెడిపోవును.

పోషణ విషయమున భర్త ఐ-864 అను ప్రమాణపత్రముపై సంతకము చేయవలెను. అతని ఆదాయము ఆ దేశపు దారిద్ర్యరేఖకు 125 శాతము ఉండవలెను. 2025లో ఇద్దరు గల కుటుంబమునకు అది 26,437 డాలర్లు. ఆదాయము చాలనిచో ఆ దేశమున నివసించు మఱియొక పౌరుడో శాశ్వతనివాసియో సహపోషకుడుగా సంతకము చేయవచ్చును. ఈ ప్రమాణము వట్టి లాంఛనము కాదు: భార్య పౌరురాలగు వరకో, చట్టము లెక్కించు 40 త్రైమాసికముల పని పూర్తియగు వరకో అది బంధించును, విడాకులతోను తీరదు. అమెరికా పౌరుడై యుండియు ఉద్యోగరీత్యా హైదరాబాదులోనో గల్ఫు దేశములలోనో ఉన్నవాడు భార్యకు పిటిషను వేసినచో, తన స్థిరనివాసము అమెరికాయే యని గాని, భార్యతోపాటు అచ్చటికి మరలి పోవుచున్నాననిగాని ఆధారములతో చూపవలెను.

హైదరాబాదులో 2008 నుండి అమెరికా కాన్సులేటున్నను, అది 2023లో నానక్‌రామ్‌గూడలోని విశాలభవనమునకు మారినను, వలసవీసా ఇంటర్వ్యూ కొఱకు మాత్రము తెలుగువారు ముంబయిలో బాంద్రా-కుర్లా ప్రాంతమందలి కాన్సులేటునకు పోవలసినదే. ముందుగా గుర్తింపు పొందిన వైద్యునిచే పరీక్ష చేయించుకొని, కావలసిన టీకాలు వేయించుకొని, వ్రేలిముద్రలిచ్చి, అసలు పత్రములన్నియు వెంట గొనిపోవలెను. భర్త రానవసరము లేదు. ఏదైన పత్రము కొఱవడినచో 221(జి) చీటీ ఇత్తురు. అది చూచి దుఃఖింపనక్కరలేదు, కోరిన దానిని సంవత్సరములోపల సమర్పించిన కేసు మరల కదలును. నిరీక్షణ కాలమున పర్యాటక వీసాపై పోయి భర్తను చూచి రావలెనను ఆశ సహజమేగాని, వలసకోరిక పిటిషను రూపమున ఉన్నది గనుక ఆ వీసా లభించుట కష్టము. భర్తయే వచ్చిపోవుట మార్గము. గ్రీన్‌కార్డుపై ఉన్నవాడు ముందుగా రీఎంట్రీ పర్మిటు తీసికొనక ఒక సంవత్సరము పైబడి ఇచ్చట నిలిచినచో తన నివాసస్థితికే ముప్పు తెచ్చుకొనును.

వీసా వచ్చిన పిమ్మట 235 డాలర్ల వలసరుసుము చెల్లించి ప్రయాణము చేసినచో కార్డు ఇంటికి టపాలో వచ్చును. అమెరికాలో ప్రవేశించునాటికి వివాహమై రెండేండ్లు నిండనిచో, 1986 నాటి చట్టము ప్రకారము ఆ కార్డు షరతులతో కూడి రెండేండ్లే చెల్లును. గడువునకు ముందు 90 దినములలో దంపతులిరువురు ఐ-751 వేసి ఆ షరతులను తొలగించుకొనవలెను. రెండేండ్లకు కొలది దినములే తక్కువైనచో, వీసా గడువు చూచుకొని, ప్రయాణమును అంతమాత్రము వాయిదా వేసికొనుట లాభకరము. దురదృష్టవశమున భర్త హింసించినను, విడాకులు జరిగినను, వివాహము సద్భావముతో జరిగినదని నిరూపించి ఆమె ఒంటరిగనే ఆ దరఖాస్తు వేయు హక్కును చట్టమిచ్చినది. కార్డు రద్దు చేయింతునను బెదిరింపునకు భయపడి బాధలు సహించు ఆడపడుచులు ఈ మాటను తప్పక తెలిసికొనవలెను.

ఇందుచేతనే నేను నొక్కి చెప్పునది: పిటిషను భర్త వేసినను వీసా భార్యది. తన కేసు సంఖ్య, ప్రయారిటీ డేటు, లాగిన్ వివరములు, ప్రతి పత్రము యొక్క నకలు ఆమె చేత నుండవలెను; డీఎస్-260 లోని ప్రతి వాక్యమును ఆమె చదివి, అర్థము చేసికొని సంతకము చేయవలెను; ఏజెంటు పూరించెనని, మఱిది పూరించెనని ఊరకుండరాదు. సంబంధము మాటలాడునాడు జీతమును, ఇంటిని అడుగు తండ్రులు వరుని వీసా ఏ శ్రేణిదో, గ్రీన్‌కార్డు ఏ దశలో ఉన్నదో సంకోచింపక అడుగుదురు గాక. సత్పురుషుడైన వరుడు దానికి నొచ్చుకొనడు. పైపెచ్చు తన పత్రములు తానే చూపి, భార్యను ఈ కార్యమునందు మొదటినుండియు సమానభాగినిగా చేసికొనును. అట్లు ఇరువురు తెలిసి, కలసి నడపిన దరఖాస్తు త్వరగా సాగుటయే గాక, ఎడబాటు కాలమున వారి నడుమ అనుమానములకు తావీయక విశ్వాసమును పెంచును.