సీడీ ప్లేయర్ ట్రే మొరాయిస్తే ముందు చూడాల్సింది బెల్టు

పాత సీడీ ప్లేయర్లలో చాలావాటికి ట్రేను బయటికి తెచ్చేది, లోపలికి తీసుకెళ్లేది ఒక చిన్న రబ్బరు బెల్టు. మోటారుకున్న బుల్లి పుల్లీ నుంచి పక్కనున్న పెద్ద పుల్లీకి తిరుగుడును అందించడమే దాని పని. అక్కడి నుంచి గేర్లు అందుకుని, ట్రే అడుగున ఉన్న పళ్ల పట్టీని తోస్తాయి. 1982 అక్టోబరులో జపాన్‌లో సోనీ సీడీపీ-101తో మొదలైన ఈ యంత్రాల్లో తొలితరం వాటికి 40 ఏళ్లు దాటాయి. రబ్బరు అన్నేళ్లు ఆగదు. గాలికీ వేడికీ సాగి వదులవుతుంది, లేదా గట్టిపడి నున్నగా మెరుస్తూ పట్టు కోల్పోతుంది. కొన్ని బెల్టులైతే కరిగి తారులా పుల్లీకి అంటుకుపోతాయి.

బటన్ నొక్కితే మోటారు చప్పుడు వినిపిస్తూ ట్రే కదలకపోవడం, వేలితో కాస్త లాగితే బయటికి రావడం బెల్టు జారుతోందనడానికి గుర్తులు. చప్పుడే లేకపోతే తప్పు మోటారులోనో సర్క్యూట్‌లోనో ఉండవచ్చు.

అసలు చిక్కు తెచ్చే లక్షణం వేరే ఉంది. చాలా మోడళ్లలో ట్రే లోపలికి వెళ్లాక లెన్సు ఉన్న భాగాన్ని పైకి లేపి, డిస్కును అయస్కాంతపు బిళ్లతో పట్టించే పని కూడా అదే మోటారుది. చివరి ఆ కాస్త దూరంలో బెల్టు జారితే లెన్సు డిస్కుకు తగినంత దగ్గరికి రాదు. తెర మీద మాత్రం ‘నో డిస్క్’ అని పడుతుంది. లెన్సు పోయిందనుకుని మంచి ప్లేయర్లను తుక్కుకు వేసేది ఇక్కడే. ఖాళీ ట్రే చక్కగా తెరుచుకుని, డిస్కు ఉన్నప్పుడు మాత్రమే మొండికేస్తే బెల్టు మీద అనుమానం ఇంకా బలపడుతుంది. అయస్కాంతం పట్టును విడిపించడానికి కావలసిన బలం వదులు బెల్టుకు ఉండదు.

మార్చేటప్పుడు, వీలైతే ట్రే బయటికి వచ్చాకే ప్లగ్గు తీసేయాలి. రాకపోతే ప్లగ్గు తీసి, మూత విప్పి, పుల్లీని వేలితో తిప్పి రప్పించవచ్చు. ట్రే ముందరి ప్లాస్టిక్ పట్టీ సాధారణంగా పైకి నెడితే ఊడుతుంది. కొన్నింటిలో బెల్టు ఎదురుగానే కనిపిస్తుంది. మరికొన్నింటిలో ట్రేను పూర్తిగా తీయాలి. అప్పుడు గేర్ల మీద గుర్తులు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచిది. ఒక్క పన్ను తేడాగా అమర్చినా ట్రే మధ్యలో ఆగిపోతుంది. లెన్సును వేలితో తాకకూడదు. లేజరు కిరణం కంటికి సరిగా కనిపించదు కనుక, మూత తీసి నడిపేటప్పుడు లెన్సులోకి తొంగిచూడకూడదు.

పాత బెల్టును పట్టకారుతో తీశాక, పుల్లీల గాడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో నలుపు వదిలేదాకా తుడవాలి. ఈ పని ఎగ్గొడితే కొత్త బెల్టు కూడా జారుతుంది. బెల్టుకూ పుల్లీకీ నూనె, గ్రీజు, చేతి జిడ్డు ఏదీ తగలకూడదు. గ్రీజు వేయాల్సింది ట్రే జారే గాళ్లకు మాత్రమే, అదీ ప్లాస్టిక్‌ను తినని రకం, పలచగా.

కొలత దగ్గర చాలామంది పొరబడతారు. పాత బెల్టు అప్పటికే సాగి ఉంటుంది కనుక దానికంటే 5 నుంచి 10 శాతం చిన్నది, అదే మందం ఉన్నది ఎంచుకోవాలి. మరీ బిగువైతే మోటారు మీద భారం పడుతుంది. నోట్ల కట్టకు వేసే రబ్బరు బ్యాండు కొన్నాళ్లు పనిచేసినట్టే ఉండి, తొందరగా చిట్లిపోతుంది. టేప్‌రికార్డరు సామాన్లు అమ్మే దుకాణాల్లో పాత బెల్టు చూపించి అడిగితే సరిపడేది దొరికే అవకాశం ఉంది.

బిగించాక ఖాళీగానూ, డిస్కుతోనూ పలుమార్లు తెరిచి మూసి చూశాకే మూత వేయాలి. లెన్సు మార్చాలని మెకానిక్ చెబితే, ముందు బెల్టు చూడమని అడగండి.