డయాటమ్: గాజు డబ్బాలో బతికే జీవి

పిల్లలూ, ఇంట్లో కొత్తగా చేపల తొట్టి పెట్టినవాళ్లు అద్దం మీద గోధుమరంగు జిగురుపొర చూసే ఉంటారు. పాచి అని తుడిచేస్తాం కదా! అందులో ఎక్కువగా ఉండేవి డయాటమ్‌లు. ఇవి ఒకే కణం ఉన్న శైవలాలు. చెరువుల్లోనూ ఉంటాయి కానీ, వీటి అసలు రాజ్యం సముద్రం. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, డి.వి. సుబ్బారావు విశాఖ లాసన్స్ బే దగ్గరి ప్లవకాల లెక్కలను 1958లోనే ప్రచురించారు. డయాటమ్‌లు విపరీతంగా పెరిగి వాల్తేరు దగ్గర సముద్రం రంగు మారిన సంగతిని సుబ్బారావు 1969లో రాశారు.

ఒక్కో కణం రెండైతేనే అంత పెరుగుదల. చిక్కేమిటంటే, డయాటమ్ చుట్టూ ఉన్న పెంకు సిలికాతో, అంటే దాదాపు గాజుతో చేసినది. అది సాగదు. మూత ఉన్న స్టీలు డబ్బాలా రెండు ముక్కలుగా ఉంటుంది. లోపల కణం రెండుగా చీలాక ఒక పిల్లకణానికి మూత, రెండోదానికి అడుగుభాగం దక్కుతాయి. లేని ముక్కను ప్రతి కణమూ తన లోపలే ఒక చిన్న సంచిలో తయారుచేసుకుంటుంది.

ఇక్కడే ఉంది తమాషా. పాత ముక్క ఏదైనా సరే, ఇకమీదట అదే మూత! కొత్తగా చేసేది ఎప్పుడూ లోపల ఇమిడే అడుగుభాగమే. కాబట్టి మూత దక్కిన కణం అమ్మంతే ఉంటుంది, అడుగు దక్కినది కాస్త చిన్నదవుతుంది. ఒకదానిలో ఒకటి పట్టే డబ్బాల సెట్టు వంటింట్లో ఉంటే అమ్మనడిగి చేసి చూడండి. ఈ సంగతిని 1869లో మెక్‌డొనాల్డ్, ఫిట్జర్ వేర్వేరుగా గుర్తించారు.

ఇలా తగ్గుతూ పోతే? చాలా జాతుల్లో, ఒక హద్దు దాటి చిన్నవైన కణాలు లైంగికంగా కలిసి, పాత పెంకులు వదిలేసి, బుడగలా ఉబ్బి, మళ్లీ పెద్ద పెంకు కట్టుకుంటాయి. ఆ అవకాశం దొరకనివి ఇంకా ఇంకా చిన్నవై చనిపోతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట: భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదో వంతు వీటిదే. పెంకుకు కావలసిన సిలికా రాళ్లు అరిగి గోదావరి, కృష్ణ లాంటి నదుల నీళ్లలో సముద్రానికి చేరుతుంది. అది అందకపోతే డయాటమ్‌ల విభజన ఆగిపోతుంది.

ఈసారి తొట్టి తుడిచేముందు ఆ పొర కొంచెం గోకి, చిన్న సీసాలో అదే నీళ్లతో బడికి తెండి. మైక్రోస్కోపులో చూద్దాం. దీనికోసం చెరువులోకి మాత్రం దిగొద్దు.