రెండు జవాబులొచ్చిన ముగ్గు

‘అన్నా, నీ పజిల్‌కి రెండు జవాబులొస్తున్నాయి. చూసుకో.’

రాత్రి పదకొండు గంటలకి తిరుపతిలో ఉండే ఫ్రెండు నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజ్ ఇది. మంచం మీద నుంచి లేచి కూర్చున్నా. సుడోకు తయారుచేసే వాళ్లని ఇంతకంటే పెద్దగా తిట్టలేరు. మూడు వారాలు కష్టపడి గీసిన పజిల్ అది. ఇంకో నాలుగు రోజుల్లో ఒక ఆన్‌లైన్ పోటీకి పంపాలి. వాడు టెస్ట్ చేయకుండా నేరుగా పంపేసి ఉంటే? పోటీలో ఒక్కో నిమిషం లెక్కపెట్టుకుంటూ కూర్చున్న వాళ్లు, సరైన జవాబే రాసి కూడా ‘తప్పు’ అనిపించుకునేవాళ్లు. ఆ ఆలోచనకే నిద్ర పట్టలేదు.

మాది కడప జిల్లా చాపాడు. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే రోడ్డులో వస్తుంది. మా ఊళ్లో ‘సుడోకు ఆడతా’ అంటే, పేపర్లో చివరి పేజీ నింపుతాడులే అనుకుంటారు. నేనూ చాన్నాళ్లు అంతే అనుకున్నా. 1979లో హోవార్డ్ గార్న్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ దీన్ని ‘నంబర్ ప్లేస్’ అని తయారుచేశాడు. 1984లో జపాన్‌లో నికోలి వాళ్లు అచ్చేశాక సుడోకు అన్న పేరొచ్చింది. 2006లో ఇటలీలోని లూక్కాలో మొదటి ప్రపంచ పోటీలు పెట్టారు. 2008లో గోవాలో జరిగాయి. 2017లో అయితే ప్రొద్దుటూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే బెంగళూరులోనే జరిగాయి. అప్పుడు నాకా సంగతే తెలీదు!

నా కళ్లు తెరిపించింది లాక్‌డౌన్. 2020 మేలో ‘క్రాకింగ్ ది క్రిప్టిక్’ అనే యూట్యూబ్ ఛానెల్లో ఒక వీడియో తెగ తిరిగింది. 81 గళ్లలో ఇచ్చిన అంకెలు రెండే రెండు: ఒక 1, ఒక 2. మామూలు సుడోకుకి జవాబు ఒక్కటే రావాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాలని 2012లో ఐర్లండ్ గణిత శాస్త్రవేత్త గ్యారీ మెక్‌గ్వైర్ బృందం కంప్యూటర్ల మీద తేల్చింది. మరి రెండు అంకెలతో ఎలా? మిచెల్ లీ అనే ఆయన తయారుచేసిన ఆ పజిల్‌లో అదనపు రూల్స్ ఉన్నాయి. చదరంగంలో గుర్రం దూకే దూరంలో గానీ, రాజు కదిలే దూరంలో గానీ ఒకే అంకె రెండుసార్లు రాకూడదు. పక్కపక్క గళ్లలో 4, 5 లాంటి వరుస అంకెలు ఉండకూడదు. సైమన్ ఆంథోనీ అనే ఇంగ్లండాయన మొదట అదేదో జోక్ అనుకున్నాడు. అరగంట తిరక్కుండానే మొత్తం నింపేశాడు. నింపుతూ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ సంబరం చూసే నేను ఇందులో పడ్డా.

ఇలా రూల్స్ తగిలించిన సుడోకులనే వేరియంట్లు అంటారు. ఒక ఉదాహరణ చెప్తా, ఫోన్ పట్టుకునే ఆలోచించొచ్చు. ‘జర్మన్ విస్పర్స్’ అని ఒకటుంది. గళ్ల మీదుగా ఒక ఆకుపచ్చ గీత పోతుంది. గీత మీద పక్కపక్కనున్న అంకెల తేడా కనీసం 5 ఉండాలి. అంతే రూలు. ఇప్పుడు ఆ గీత మీద 5 ఎక్కడైనా పెట్టగలరా? పక్కన 0 కావాలి, లేదా 10 కావాలి. రెండూ లేవు. కాబట్టి 5 గీత మీదకే రాదు. మిగిలినవాటిలో ఒకటి చిన్నదైతే (1 నుంచి 4) పక్కది పెద్దది (6 నుంచి 9). ఇలా చిన్నా, పెద్దా మారుతూ పోవాల్సిందే. 4 పక్కన 9 తప్ప ఏదీ కుదరదు. ఒక్క అంకె కూడా ఇవ్వకుండానే ఇంత తెలిసిపోయింది! ఈ కిక్కు కోసమే జనం దేశాలు దాటి ఆడేది.

మన దేశంలో ఈ పోటీలకి అడ్డా ‘లాజిక్ మాస్టర్స్ ఇండియా’. రూల్స్ పుస్తకం ముందే ఇస్తారు. పజిల్స్ ఫైలుకి తాళం ఉంటుంది. స్టార్ట్ నొక్కితే పాస్‌వర్డ్ వస్తుంది, గడియారం మొదలవుతుంది. చాలాసార్లు జాతీయ విజేత అయిన రోహన్ రావు, ఇటు ఆటలోనూ అటు పజిల్స్ తయారీలోనూ పేరున్న ప్రసన్న శేషాద్రి లాంటి వాళ్లంతా ఈ దారిలో వచ్చినవాళ్లే.

నా మొదటి పోటీ సంగతి చెప్తే నవ్వుతారు. ఇంట్లో ప్రింటర్ లేదు. ప్రొద్దుటూరులో జిరాక్స్ షాపుకి పోయి వచ్చేలోపు టైమైపోతుంది. సరేలే అని ఫోన్లో చూసి రూళ్ల నోట్‌బుక్కులో గళ్లు గీసుకున్నా. అందులో ఒకటి థర్మో సుడోకు. థర్మామీటర్ బొమ్మకి గుండు వైపు చిన్న అంకె, కొసకి పోయే కొద్దీ పెద్దది రావాలి. కంగారులో ఒక థర్మామీటర్‌ని తిరగేసి గీశా. గుండు ఉండాల్సిన చోట కొస, కొస ఉండాల్సిన చోట గుండు. ఇరవై నిమిషాలు దాంతో కుస్తీ పట్టి, ‘పజిలే తప్పు’ అని కూడా తీర్మానించేసుకున్నా. చివరికి చూస్తే తప్పు నా పెన్నుది. ర్యాంకు చెప్పను, అడగొద్దు.

గెలవడం మన వల్ల కాదు గానీ, తయారుచేస్తే ఎలా ఉంటుంది అన్న ఆలోచన అక్కడే పుట్టింది. సంక్రాంతికి మా జేజి వాకిట్లో చుక్కలు కలిపే ముగ్గు వేస్తుంటే చూశా. తొమ్మిది వరుసలు, వరుసకి తొమ్మిది చుక్కలు. ఆ చుక్కలే గళ్లు, ముగ్గు గీతే విస్పర్స్ గీత అయితే? నాలుగు రేకుల పువ్వు గీశా. మొదట ఒక్కో రేకుకి ఏడు గళ్లు వచ్చాయి. అంకెలు పెట్టబోతే కుదర్లేదు. కుదరదు కూడా. చిన్నా పెద్దా మారుతూ గుండ్రంగా తిరిగొచ్చి కలవాలంటే గళ్లు సరిసంఖ్యలో ఉండాలి. ఏడుంటే చివర్లో రెండు చిన్నవో, రెండు పెద్దవో పక్కపక్కన పడతాయి. రేకుకి ఎనిమిది గళ్లు చేశా. నాలుగు వైపులా ఒకేలా, భలే కుదిరింది పువ్వు. నేనే మూడుసార్లు నింపి చూసుకున్నా, మూడుసార్లూ ఒకే జవాబు. దాంతో నన్నే తిరుపతికి పిలిచి సన్మానం చేస్తారన్నంత ధీమా వచ్చేసింది.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. వాడు చూపించింది నాలుగే గళ్లు. పైనుంచి నాలుగో, ఐదో అడ్డవరుసల్లో, ఎడమ నుంచి రెండో, ఏడో నిలువు వరుసల్లో ఉన్నాయి. వాటిలో నేను రాసింది పైన 2, 6. కింద 6, 2. వాటిని తిరగేసి పైన 6, 2. కింద 2, 6 రాసినా ఏ వరుసా చెడదు, ఏ పెట్టే చెడదు. ఆ నాలుగు గళ్ల మీదుగా ఒక్క గీత కూడా పోవట్లేదు కాబట్టి రూలు కూడా అడ్డు చెప్పదు.

మరి నాకెందుకు కనబడలేదు? జవాబు ముందే తెలుసు కాబట్టి నా పెన్సిల్ ప్రతిసారీ 2 దగ్గరికే పోయింది. పైన 6 కూడా పట్టొచ్చన్న అనుమానమే రాలేదు. తయారుచేసే వెబ్‌సైట్లలో జవాబులు ఎన్నున్నాయో లెక్కేసి చెప్పే బటన్ ఉంటుంది. అది నొక్కలేదు నేను, పొగరు. అయితే ఆ బటన్ ఒకటా రెండా అని మాత్రమే చెప్తుంది. పజిల్ మధ్యలో మనిషికి దారి దొరుకుతుందా, లేక అంచనాతో గుడ్డిగా పోవాల్సి వస్తుందా అన్నది చెప్పదు. దానికి కూర్చుని నింపే మనిషి కావాల్సిందే. వాడు ఉద్యోగం నుంచి వచ్చి, తినేసి, గంటన్నర కూర్చుని నింపాడు. ఆ కష్టానికి నేనిచ్చింది ఒక థ్యాంక్స్ స్టిక్కర్.

సరిదిద్దడానికి రెండు దార్లున్నాయి. ఆ నాలుగింట్లో ఒకచోట అంకె ఇచ్చేయడం సులువు. కానీ అదనంగా ఒక్క అంకె కూడా ఇవ్వకూడదన్నది నా పంతం. ఇంకో దారి, పక్కనే రేకు మీద 8 ఉన్న గడి నుంచి గీతని ఒక్క గడి సాగదీయడం. 8 పక్కన విస్పర్స్ గీత మీద 1, 2, 3 మాత్రమే వస్తాయి. 6 రాదు. అంతే, రెండో జవాబు చచ్చింది. కాకపోతే నాలుగు రేకుల పువ్వుకి ఒక పక్క తోక మొలిచింది. రెండు రోజులు మనసొప్పలేదు. చివరికి తోకే ఉంచా. ఈసారి బటన్ నొక్కా. ఒకటే జవాబు. ఫ్రెండుకి మళ్లీ పంపా. ‘తోక దగ్గర మొదలుపెడితేనే దారి దొరుకుతోంది అన్నా, బాగుంది’ అన్నాడు.

పోటీకి పంపే ముందు ఫోన్లో జేజికి చూపించా. కళ్లజోడు పైకెత్తి, దూరంగా పెట్టి చూసింది.

“ముగ్గు బాగుందిరా అబ్బీ. ఆ మూల తోక పెట్టి చెడగొడ్తివి గదరా?”

“అది లేకుంటే రెండు జవాబులొస్తాయి జేజీ.”

“రెండొస్తే ఏమాయ?” అని ఫోన్ చేతిలో పెట్టి, పొయ్యి మీద పాలు చూసుకోవడానికి లేచిపోయింది.