పొలాల కింద మరుగైన విమానక్షేత్రాలు

1941 ఏప్రిల్ 6న జర్మన్ సేనలు గ్రీసుపై దండెత్తాయి. నెల తిరగకముందే ఆ దేశపు ప్రధాన భూభాగం వారి వశమైంది. ఆ స్వల్పకాలంలో ముందు బ్రిటిష్ వారు, తరువాత జర్మన్లు అక్కడ అనేక విమానక్షేత్రాలను వాడుకున్నారు. ఎలెఫ్సినా, లారిసా వంటివి పటాలలో సులభంగానే దొరుకుతాయి. కాని చిన్న క్షేత్రాలు పలువిధాల చదును చేసిన పొలాలు మాత్రమే. యుద్ధానంతరం వాటిలో కొన్ని తిరిగి నాగళ్ల కిందికి వెళ్లాయి. పత్రాలలో పేరు మిగిలింది, నేలపై చోటు మరుగైంది.

పేరు ఉంటే చాలదా? చాలదు. గ్రీకు లిపిలోని పేరును ఆంగ్లేయులు ఒక విధంగా, జర్మన్లు మరొక విధంగా వ్రాసుకున్నారు. బ్రిటిష్ దళాల పత్రాలలోని మెనిదియే గ్రీకుల తతోయి. పైగా 20వ శతాబ్దంలో గ్రీకు ప్రభుత్వం ఎన్నో గ్రామాల పాత పేర్లను మార్చివేసింది.

తొపోలియా ఇందుకు చక్కని ఉదాహరణ. 1941 మే 20న క్రీటు ద్వీపంపై దాడికి జర్మన్ యూ-52 రవాణా విమానాలు బయలుదేరిన క్షేత్రాలలో అది ఒకటి. ఈనాటి పటంలో ఆ పేరు వెదికితే క్రీటులోనే ఒక కొండప్రాంతపు గ్రామం కనబడుతుంది. కాని ఆ ఉదయానికి క్రీటు ఇంకా మిత్రరాజ్యాల అధీనంలోనే ఉంది. జర్మన్ విమానాలు అక్కడినుండి లేవడం అసంభవం. ఇక రెండవ ఆధారం ధూళి. నేల నుండి లేచిన దుమ్ము మేఘాల వల్ల ఆనాటి రెండవ విడత దాడి ఆలస్యమైంది. నీటిని తోడివేసి సాగులోకి తెచ్చిన కొపాయిస్ సరస్సు నేలకు ఈ వర్ణన సరిపోతుంది. ఆ సరస్సు అంచున, బియోషియా ప్రాంతంలో ఉన్న కాస్ట్రో గ్రామపు పూర్వనామం తొపోలియా! అక్కడినుండి క్రీటులోని మలేమెకు దాదాపు 330 కిలోమీటర్లు. యూ-52 పోయి తిరిగి రాగల దూరమే.

అంకెలలోనూ చిక్కులున్నాయి. గ్రీకు సైనిక పటాలలో రేఖాంశాలను గ్రీనిచ్ నుండి కాక ఏథెన్సు వేధశాల నుండి లెక్కించేవారు. వాటికి సుమారు 23.7 డిగ్రీలు కలిపితేగాని నేటి పటంతో పొంతన కుదరదు. ఆపైన నేల సాక్ష్యం చూడాలి. చక్రాల కింద గట్టిపడిన మట్టిలో పైరు గిడసబారుతుంది, పూడ్చిన గోతులపై ఏపుగా పెరుగుతుంది. ఆకాశం నుండి తీసిన ఛాయాచిత్రాలలో ఈ తేడా చారలుగా కనిపిస్తుంది.

రసాయనశాస్త్రంలో ద్రవీభవన స్థానం ఒక్కటే చూసి పదార్థమేదో నిర్ణయించరు. వేర్వేరు పరీక్షలు ఒకే సమాధానమిస్తేనే నమ్ముతారు. ఇక్కడా అదే నియమం వర్తిస్తుంది.

ఇంత శ్రమ దేనికి? 33వ స్క్వాడ్రన్ అధిపతి ప్యాటిల్ 1941 ఏప్రిల్ 20న ఎలెఫ్సినా అఖాతంపై జరిగిన పోరులో మరణించాడు. ఆయనకు సమాధి లేదు. ఈజిప్టులోని అలమీన్ స్మారకంపై పేరు మాత్రం ఉంది. గ్రీసు నుండి వెనుదిరిగే తొందరలో దళాల పత్రాలు చాలావరకు నశించాయి. అటువంటప్పుడు ఒక క్షేత్రపు చోటు నిర్ధారణ అయితే, అక్కడినుండి లేచి తిరిగిరాని విమానాన్ని ఏ దిక్కున, ఎంత దూరంలో వెదకాలో తెలుస్తుంది. ఆ వైమానికుల కుటుంబాలలో మూడవ తరం వారు ఈనాటికీ అడిగే ప్రశ్న అదే.