కౌంటర్‌కు 15 భాషలు, క్యాబిన్‌కు 2

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో క్లర్కు ఉద్యోగం కోసం నియామక పరీక్షల సంస్థ ఐబీపీఎస్ పెట్టే పరీక్షను 15 భాషల్లో రాయొచ్చు. హిందీ, ఇంగ్లీషు కాక తెలుగు సహా 13 ప్రాంతీయ భాషలు. కేంద్ర ఆర్థిక శాఖ 2021 సెప్టెంబరు చివర్లో ఈ నిర్ణయం ప్రకటించింది. అవే బ్యాంకుల్లో ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్షకు మాత్రం రెండే భాషలు, హిందీ, ఇంగ్లీషు. తేడా అక్కడితో ఆగదు. క్లర్కు ఏ రాష్ట్రానికి దరఖాస్తు పెడితే ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి ఉండాలి. ఆఫీసరు ఎంపికకు ఆ షరతు లేదు. దేశంలో ఎక్కడికైనా వేస్తారు.

అంటే డబ్బు లెక్కపెట్టి చేతికిచ్చే మనిషికి మన భాష రావాలి. అప్పు ఇవ్వాలా వద్దా అని తేల్చే మనిషికి రాకపోయినా నడుస్తుంది. ఇలా జరగాలని ఎవరూ కోరుకొని ఉండరు. కానీ నియామకాల తీరు చివరికి తేల్చింది ఇదే.

ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఫలానా భాష రావాలని పట్టుబట్టవచ్చా అన్న వాదన మన దగ్గర ఎప్పుడు లేచినా రెండు శిబిరాలుగా చీలిపోతుంది. ఒకరిది ఆత్మగౌరవం, ఇంకొకరిది జాతీయ సమైక్యత. రెండూ గొంతు పెంచడానికే ఎక్కువ పనికొస్తున్నాయి. కాసేపు అంకెలు చూద్దాం.

జన్‌ధన్ ఖాతాలు 2025 ఆగస్టు నాటికి 56 కోట్లు దాటాయి. వీటిలో దాదాపు 67 శాతం గ్రామాల్లో, చిన్న పట్టణాల్లో ఉన్నాయి. ఖాతాదారుల్లో 56 శాతం మంది స్త్రీలు. ఇక 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లీషును మొదటి, రెండో, మూడో భాషగా నమోదు చేయించుకున్నవాళ్లందరినీ కలిపినా సుమారు 12.9 కోట్లు, అంటే నూటికి పది, పదకొండు మంది. తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దేశం మొత్తమ్మీద 8.11 కోట్లు. బ్యాంకు గడప తొక్కేవాళ్లు పదేళ్లలో మారిపోయారు. బ్యాంకు లోపలి భాష అంత వేగంగా మారలేదు.

క్యాష్ కౌంటర్ దగ్గర భాష రాకపోయినా పని జరిగిపోతుంది. వోచరు మీద అంకె ఉంటుంది, పాసుబుక్కు ప్రింటరు మాట్లాడదు. చిక్కంతా క్యాబిన్‌లో. పంట రుణం రెన్యువల్ ఎందుకు ఆగింది? తాకట్టు పెట్టిన గొలుసు వేలానికి ఎప్పుడు వెళ్తుంది, ఎంత కడితే ఆగుతుంది? డ్వాక్రా సంఘానికి ఈసారి లింకేజీ రుణం ఎందుకు తగ్గింది? ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని వచ్చిన పెద్దావిడ సంతకం పెట్టిన కాగితం నిజంగా డిపాజిట్‌దేనా, లేక ఏటేటా ప్రీమియం కట్టాల్సిన బీమా పాలసీదా? ఇవన్నీ పది నిమిషాలు కూర్చుని మాట్లాడితే తేలే విషయాలు. అవతలివారికి తెలుగు రాకపోతే మధ్యలో అటెండరో, ఊరి పెద్దమనిషో, పక్కన నిలబడ్డ ఇంకో ఖాతాదారో దుబాసీ అవుతారు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని అప్పు సంగతి మూడో మనిషి చెవిన పడుతుంది. నా లెక్కలో భాష రాకపోవడం వల్ల జరిగే నష్టాల్లో అవమానం కన్నా ఇదే పెద్దది.

పైవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. శాఖల్లో స్థానిక భాష వచ్చినవాళ్లు ఉండాలని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2022 సెప్టెంబరులో బ్యాంకర్ల సంఘం సమావేశంలోనే చెప్పారు. 2025 మేలో బెంగళూరు శివారులోని ఒక శాఖలో మేనేజరు కన్నడ మాట్లాడేది లేదన్న వీడియో బయటికొచ్చింది. ముఖ్యమంత్రి ఖండించారు, మేనేజరును బదిలీ చేశారు. ఆ శాఖ గొడవ ఆ బదిలీతో సద్దుమణిగింది గానీ, భాష రాని మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన పద్ధతి మాత్రం అలాగే ఉంది.

ఇందుకు స్టేట్ బ్యాంకు వెతుక్కున్న ఒక దారి సర్కిల్ బేస్డ్ ఆఫీసర్ పోస్టులు. దరఖాస్తు చేసిన సర్కిల్ భాష వచ్చి ఉండాలి. 12 ఏళ్ల సర్వీసో, నాలుగో స్కేలు పదోన్నతో, ఏది ముందైతే అప్పటిదాకా వేరే సర్కిల్‌కు బదిలీ ఉండదు. భాషను అలంకారంగా చూడకుండా పనికి కావలసిన అర్హతగా చూసిన నియామకం ఇది.

మరి తెలుగు రావాలనడం పక్షపాతం కాదా అని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. కానీ ఇదే ప్రశ్న ఇంగ్లీషు గురించి ఎవరూ ఎందుకు అడగరు? 2005 నాటి ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే (ఐహెచ్‌డీఎస్) ప్రకారం ధారాళంగా ఇంగ్లీషు మాట్లాడగలిగిన వయోజనులు దేశంలో దాదాపు 4 శాతం. కొద్దోగొప్పో మాట్లాడగలిగినవాళ్లు మరో 16 శాతం. ఆ సర్వేను ఆధారం చేసుకుని ఆజమ్, చిన్, ప్రకాశ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు మగవాళ్ల జీతాలు లెక్కగట్టారు. చదువు, వయసు, కులం వంటివి సర్దుబాటు చేశాక కూడా, ఇంగ్లీషు బొత్తిగా రానివారికంటే ధారాళంగా వచ్చినవారి గంట కూలి సగటున 34 శాతం ఎక్కువ. కొద్దిగా వచ్చినవారిది 13 శాతం ఎక్కువ. సర్వే పాతదే. కానీ హైదరాబాదులో గోదాము సూపర్‌వైజరుకూ డేటా ఎంట్రీకీ కూడా ‘ఎక్సలెంట్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అడిగే ప్రకటనలు చూస్తుంటే గాలి మళ్లిందని అనిపించదు. విదేశీ కస్టమరుతో మాట్లాడే కాల్‌సెంటరుకు ఇంగ్లీషు అడిగితే అర్థముంది. రోజంతా లారీ డ్రైవర్లతో మాట్లాడాల్సిన సూపర్‌వైజరుకు ఇంగ్లీషు దేనికి? మన దేశంలో ఉద్యోగానికి అడిగే భాషల్లో అన్నిటికన్నా పెద్ద గేటు ఇంగ్లీషే. అది గేటని కూడా గుర్తించలేనంతగా అలవాటు పడిపోయాం.

చట్టం ఏమంటోంది? ప్రభుత్వోద్యోగాల్లో వివక్ష చూపకూడదని చెప్పే రాజ్యాంగం 16(2) అధికరణంలో 7 అంశాలున్నాయి: మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం. భాష లేదు. అదే రాజ్యాంగం 29(2)లో విద్యాసంస్థల ప్రవేశాల దగ్గరికొచ్చేసరికి భాషను పేరు పెట్టి చేర్చింది. కాబట్టి ఉద్యోగానికి భాష అడగడమే తప్పని ఈ నిబంధన చూపించి అనలేం. ఎంత మేరకు అడగాలన్నదే అసలు తగువు.

అమెరికాలో ఈ తగువు మరో రూపంలో కోర్టుకెక్కింది. అక్కడి 1964 పౌరహక్కుల చట్టంలోని ఉద్యోగ వివక్ష నిబంధనల్లోనూ భాష మాట లేదు. ‘జాతీయ మూలం’ ఉంది. దాన్ని ఆసరా చేసుకుని, ఎల్లవేళలా ఇంగ్లీషే మాట్లాడాలనే నిబంధనను వివక్షగానే అనుమానించాలని ఉపాధి సమానావకాశాల కమిషన్ 1980లో మార్గదర్శకాలు ఇచ్చింది. కోర్టులన్నీ ఆ దారిన నడవలేదు. దక్షిణ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్పన్ స్టేక్ అనే మాంసం కంపెనీలో 33 మంది పనివాళ్లు, వాళ్లలో 24 మంది స్పానిష్ మాట్లాడేవాళ్లు. పనివేళల్లో ఇంగ్లీషే మాట్లాడాలని యాజమాన్యం నియమం పెడితే 1993లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. రెండు భాషలూ వచ్చినవాడు ఇంగ్లీషు మాట్లాడితే పోయేదేముందన్నది వాదన. దీనికి పూర్తి వ్యతిరేక దిశలో 2012లో కాలిఫోర్నియాలోని డెలానో ఆసుపత్రి కేసు ముగిసింది. ఫిలిప్పీన్ మూలాలున్న 70 మంది దాకా సిబ్బందిని భాష పేరుతో వేధించారన్న దావాను 9,75,000 డాలర్లు చెల్లించి రాజీ చేసుకున్నారు. ఇతర భాషలవాళ్లను వదిలి వీళ్లనే పట్టుకున్నారన్నది అక్కడి ఆరోపణ.

ఇక్కడ ఒక గీత గీసుకోవడం మంచిది. ‘ఈ భాష నీకు రావాలి’ అనడం వేరు, ‘ఆ భాష నువ్వు మాట్లాడకూడదు’ అనడం వేరు. మొదటిది పనికి సంబంధించిన షరతు కావచ్చు. రెండోది చాలాసార్లు మనిషి మీద పెత్తనం. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 86 శాతం పెరిగింది. అక్కడి క్యాంటీన్లో మనవాళ్ల తెలుగు మీద ఆంక్ష పెడితే మండిపడే మనమే, మీటింగులో తెలుగు రాని ఒక్క సహోద్యోగిని పక్కనపెట్టి తెలుగులో చర్చ తేల్చేస్తే అదీ తప్పేనని ఒప్పుకోవాలి.

నాకు తెలిసినంతలో ఈ తగువుకు పనికొచ్చే కొలబద్ద కెనడాలోని క్యూబెక్‌ది. ఫ్రెంచిని కాపాడుకోవడానికి 1977లో వాళ్లు చేసిన చట్టం గట్టిదే. కొందరికి మరీ గట్టిది. 25 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థలు పనిలో ఫ్రెంచి వాడకాన్ని ప్రభుత్వం దగ్గర నిరూపించుకోవాలి. 2025 జూన్‌కు ముందు ఆ హద్దు 50. అదలా ఉంచితే, ఆ చట్టంలోని 46వ సెక్షన్ చూడండి. ఫ్రెంచి కాక ఇంకో భాష కావాలంటే యజమాని 2022 సవరణ ప్రకారం మూడు పనులు చేసి చూపించాలి. ఆ ఉద్యోగానికి నిజంగా ఆ భాష అవసరం ఎంతో అంచనా కట్టాలి. ఇప్పటికే ఉన్న సిబ్బందికి వచ్చిన భాషతో పని జరగదని తేల్చుకోవాలి. ఆ షరతు పెట్టే పోస్టుల సంఖ్యను వీలైనంత తగ్గించాలి. రుజువు భారం ఉద్యోగార్థి మీద లేదు, యజమాని మీద ఉంది. ఈ మూడు ప్రశ్నలే హైదరాబాదు ప్రకటనల్లోని ఇంగ్లీషుకూ, కరీంనగర్ శాఖలోని తెలుగుకూ, బెంగళూరులోని కన్నడకూ సమానంగా వేయాలని నా వాదన.

ఎంత భాష అన్నదాన్ని సరిగ్గా కొలిచినవాళ్లు విమానయానంవాళ్లు. కొలవడం నేర్చుకోవడానికి వాళ్లు కట్టిన మూల్యంలో ఒక భాగం మన గడ్డ మీదే పడింది. 1996 నవంబరు 12న హరియాణాలోని చర్ఖీదాద్రీ మీద సౌదీ, కజకిస్తాన్ విమానాలు గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. 15,000 అడుగుల ఎత్తులో ఉండాల్సిన కజక్ విమానం కిందికి దిగిపోయింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడమూ కారణాల్లో ఒకటని విచారణ చెప్పింది. ఇప్పుడు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కొలమానంలో 6 మెట్లున్నాయి. అంతర్జాతీయ విమానాలు నడిపే పైలటుకు, వాటితో మాట్లాడే కంట్రోలరుకు కనీసం 4వ మెట్టు ఉండాలి. 4వ మెట్టువాళ్లకు మూడేళ్లకోసారి, 5వ మెట్టువాళ్లకు ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్ష పెట్టాలని, 6వ మెట్టుకు అక్కర్లేదని సంస్థ సిఫార్సు. పరీక్షించేది వినడాన్ని, మాట్లాడడాన్ని మాత్రమే. వ్యాసం రాయమని పైలటును అడగరు.

బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా ఈ పాఠం నేర్చుకుంది. విదేశీ నర్సులకు ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ 7 అడిగేది. రాతలో అరమార్కు తేడాతో పనిమంతులు ఆగిపోతున్నారని గమనించి 2018 చివర్లో రాతకు 6.5 చేసింది. మిగతా మూడూ 7 దగ్గరే ఉంచింది.

ఇప్పుడు కర్ణాటక 2024 బిల్లును ఈ కొలతతో చూడండి. మేనేజిమెంటు పోస్టుల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకు. స్థానికులంటే కన్నడ మాట్లాడడం, చదవడం, రాయడం మూడూ రావాలి. జూలై 15న మంత్రివర్గం ఆమోదించింది, పరిశ్రమల నుంచి గగ్గోలు పుట్టి రెండు రోజులకే పక్కన పెట్టింది. 2011 లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 36 లక్షలు. వీళ్లలో కన్నడ గలగలా మాట్లాడే తాపీమేస్త్రీలు, డ్రైవర్లు ఎందరో. వాళ్లకు రాత పరీక్ష దేనికి? ఏ కుర్చీకి ఎంత భాష అన్న ప్రశ్న వేయకుండా అందరికీ ఒకే కొలతతో కుట్టిన చొక్కా అది.

మిగిలింది ఖర్చు. భాష నేర్చుకోవడానికి గంటలు పడతాయి. జర్మనీ ప్రభుత్వం వలస వచ్చినవారికి బీ1 స్థాయి జర్మన్ నేర్పడానికి 45 నిమిషాల పీరియడ్లు 600 కేటాయించింది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు తెలుగు నేర్పడానికి వేసుకున్న లెక్క 44 వారాలు, 1,100 తరగతి గంటలు. అన్ని రోజులూ జీతమిస్తూనే నేర్పుతుంది. జపాన్‌లో రాకుటెన్ కంపెనీ 2010లో ఏడు వేలకు పైగా ఉద్యోగులను రెండేళ్లలో ఇంగ్లీషులోకి మారమంది. మొదట నేర్చుకునే భారం వాళ్ల మీదే వదిలేసింది. అది నడవదని అర్థమయ్యాక తరగతులకు డబ్బూ, పనివేళల్లో సమయమూ తానే ఇచ్చింది.

మన బ్యాంకు ఆఫీసరుకు దౌత్యవేత్త స్థాయి తెలుగు అక్కర్లేదు. రుణం, వడ్డీ, వాయిదా, తాకట్టు, నామినీ, వేలం గురించి ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పి, వాళ్లు చెప్పింది అర్థం చేసుకోగలిగితే చాలు. పంజాబ్ నుంచి వచ్చిన కుర్రాడిని తెలుగు రాదని తప్పుపట్టడం అన్యాయం. వేసింది బ్యాంకు. కాబట్టి నేర్పాల్సిందీ బ్యాంకే. తెలుగు రాష్ట్రాల్లో శాఖ అప్పగించే ముందు జీతమిచ్చి కొన్ని నెలల శిక్షణ, మొదటి ఏడాది లోపు మాట్లాడే తెలుగులో పరీక్ష, రాత జోలికి పోకుండా. ఆఫీసరు పరీక్షను 15 భాషల్లో పెట్టడం కన్నా ఖాతాదారుకు ఇది ఎక్కువ మేలు చేస్తుంది.

అంతవరకూ మీ చేతిలో ఉన్నదొకటుంది. ఖాతా తెరిచే దరఖాస్తు, వోచరు, పాసుబుక్కు హిందీ, ఇంగ్లీషుతో పాటు ప్రాంతీయ భాషలోనూ ఉండాలన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం. శాఖలో తెలుగు ఫారం లేదంటే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఎలా వెళ్లాలో అడగడానికి రిజర్వు బ్యాంకు నంబరు 14448. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.