కూచిపూడి వాద్యబృందంలో మిడీ కీబోర్డు: మెట్టు బరువు, గమక సౌలభ్యం – ఎంపిక ప్రమాణాలు

వ్యాససంగ్రహం:
సాఫ్ట్‌వేర్ సింథసైజర్లను వాయించడానికి వాడే మిడీ కంట్రోలర్‌ను ఎంచుకొనేటప్పుడు పియానో తరహా బరువైన మెట్లు ఉన్నవే మేలైనవన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. కూచిపూడి నాట్యానికి సహకార వాద్యంగా వాడదలచినప్పుడు ఈ అభిప్రాయం ఎంతవరకు చెల్లుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గమకం, శ్రుతి, కాలప్రమాణం, మోసుకుపోయే వీలు అనే నాలుగు అంశాల ఆధారంగా ఎంపికకు ఒక క్రమాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కూచిపూడి, హార్మోనియం, మిడీ, గమకం, శ్రుతి, సాఫ్ట్‌వేర్ సింథసైజర్.

1. ప్రస్తావన:
కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామం సిద్ధేంద్రయోగి సంప్రదాయానికి నెలవు. గాత్రం, నట్టువాంగం, మృదంగం, వయొలిన్, వేణువు, వీణ వంటివి నేటి కూచిపూడి వాద్యబృందంలో కనిపిస్తాయి. హార్మోనియానికి కూడా ఈ రంగంలో చరిత్ర ఉంది. గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించిన ఘంటసాలకు హార్మోనియం సహకారం అందించిన పట్రాయని సంగీతరావు, వెంపటి చినసత్యం రూపొందించిన నృత్యనాటకాలకు సంగీతం సమకూర్చారు. మెట్ల వాద్యం కూచిపూడికి పరాయిది కాదనడానికి ఇది చాలు.

పూర్తి వాద్యబృందాన్ని సమకూర్చుకోలేని చిన్న బృందాలకు ముందే రికార్డు చేసిన పాట ఒక సులభమైన మార్గం. కాని ఆ పాట నర్తకి కోసం ఆగదు. 'భామాకలాపం'లో ఒక పాదానికి సంచారి అభినయం ఎంతసేపు సాగుతుందో ఆనాటి రంగస్థలమే నిర్ణయిస్తుంది. గాయకుడు అదే పాదాన్ని కొత్త సంగతులతో మళ్లీ మళ్లీ పాడతాడు. ల్యాప్‌టాప్‌కు జోడించిన కీబోర్డును మనిషి వాయిస్తే ఆ వెసులుబాటు నిలుస్తుంది. కనుక ఏ కీబోర్డును ఎంచుకోవాలన్న ప్రశ్న వెనుక అభినయ స్వేచ్ఛను కాపాడుకోవడమనే ప్రశ్న కూడా ఉంది.

2. మెట్టు బరువు – దాని ప్రయోజనం:
మిడీ కంట్రోలర్ తనంతట తాను ధ్వనిని పుట్టించదు. ఏ మెట్టును ఎంత వేగంతో నొక్కారో తెలిపే సంకేతాన్ని కంప్యూటర్‌కు పంపుతుంది. ధ్వని సాఫ్ట్‌వేర్‌లో పుడుతుంది. ఈ సంకేత పద్ధతి 1983లో వెలువడింది. నొక్కిన వేగం 1 నుంచి 127 వరకు ఒక అంకెగా వెళుతుంది.

మెట్లు స్థూలంగా మూడు రకాలు. స్ప్రింగుతో మాత్రమే పనిచేసే తేలిక మెట్లు మొదటి రకం. స్ప్రింగుతోపాటు కొంత బరువు చేర్చిన మధ్యరకం మెట్లు రెండవది. పియానోలోని సుత్తి కదలికను అనుకరించే బరువైన మెట్లు మూడవది. పియానోలో నాదం హెచ్చుతగ్గులు సుత్తి వేగం మీద ఆధారపడతాయి. అందువల్ల ఆ వాద్యకారుడి వేలికి బరువైన మెట్టు చక్కని అదుపునిస్తుంది. హార్మోనియంలో ఆ పని తిత్తిది. మెట్టును ఎంత గట్టిగా నొక్కినా నాదం పెరగదు. సాఫ్ట్‌వేర్ వీణలో మీటు బలాన్ని అదుపు చేయడానికి మెట్టు బరువు కొంత ఉపకరిస్తుంది. వేణువు, వయొలిన్ వంటి నిలిచే నాదాల విషయంలో దాని పాత్ర స్వల్పం.

3. గమకం – అసలు పరీక్ష:
తెలుగులో వీణకూ, హార్మోనియానికీ 'మెట్లు' అన్న మాటే వాడతాం. అయితే వీణలో మెట్టు మీద తంత్రిని పక్కకు లాగి స్వరాన్ని పైకి జరపవచ్చు. హార్మోనియం మెట్టు ఒకే స్వరస్థానాన్ని పలుకుతుంది. ఈ లోపం ప్రధాన ఆక్షేపణలలో ఒకటి కాగా, 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో ఆ నిషేధాన్ని కొంత సడలించింది. మిడీ కంట్రోలర్‌లోని పిచ్ బెండ్ చక్రం ఈ లోపాన్ని చాలావరకు పూరించగలదు. చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ కీబోర్డుపై చేసిన కర్ణాటక సంగీత కచేరీలు ఇందుకు నిదర్శనం.

హార్మోనియంలో తిత్తి ఊదే ఎడమచేయి ఇక్కడ చక్రం మీదికి వస్తుంది. ఊపిరి పోసిన చేయే గమకం పలికిస్తుంది. కనుక చక్రం ఎక్కడ అమర్చారన్నది ముఖ్యం. వెడల్పు తగ్గించడానికి కొన్ని నమూనాలలో చక్రాన్ని మెట్లకు ఎడమ పక్కన కాక పైభాగంలో పెడతారు. అక్కడ మణికట్టును వంచి గంటల తరబడి వాయించడం శ్రమ.

చక్రం సంకేతానికి 16,384 విలువలు ఉన్నాయి. సాధారణంగా దాని పరిధి పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాలు. తోడిలో సాధారణ గాంధారం శుద్ధ రిషభం నుంచి శుద్ధ మధ్యమం దాకా ఊగగలదు. ఆ ఊపునకు ఈ పరిధి సరిగ్గా సరిపోతుంది. షడ్జం నుంచి పంచమానికి జారుకు ఏడు అర్ధస్వరాలు కావాలి గనుక పరిధిని పెంచాలి. అప్పుడు ఒక చిక్కు వస్తుంది. 128 విలువలనే పంపే పరికరంలో పరిధిని ఇరువైపులా 12 అర్ధస్వరాలకు పెంచితే ఒక్కో అడుగు దాదాపు 19 సెంట్లు అవుతుంది. అర్ధస్వరం 100 సెంట్లే కనుక జారు మెట్లుమెట్లుగా వినిపిస్తుంది.

మరో జాగ్రత్త: పిచ్ బెండ్ ఒక ఛానెల్‌లోని స్వరాలన్నింటినీ కదిలిస్తుంది. తంబుర నాదాన్ని వేరే ఛానెల్‌లో ఉంచకపోతే గమకంతోపాటు ఆధారశ్రుతి కూడా ఊగిపోతుంది. ప్రతి స్వరాన్నీ విడిగా వంచగల ఎం.పి.ఇ. పద్ధతి 2018లో ప్రమాణంగా ఆమోదం పొందింది. అయితే ఒకేసారి ఒకే స్వరం పలికే మన రాగాలాపనకు అది అనివార్యం కాదు.

4. మెట్ల సంఖ్య – మోత బరువు:
మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా రెండు స్థాయిలు, అంటే 25 మెట్లు. గాయనీగాయకులను బట్టి షడ్జం 12 స్థానాలలో ఎక్కడైనా ఉండవచ్చు కనుక మరో 11 కలిపితే 36. అంటే 49 మెట్ల కీబోర్డు ఏ శ్రుతికైనా చాలుతుంది. 61 మెట్లది ధారాళం. సుత్తి తరహా 88 మెట్ల పరికరాలలో రోలాండ్ ఎ-88 ఎంకే2 సుమారు 16 కిలోలు, కవాయ్ వీపీసీ1 దాదాపు 30 కిలోలు తూగుతాయి. బస్సులో మచిలీపట్నానికో, దివిసీమ గ్రామాలకో ప్రదర్శనకు వెళ్లే బృందానికి అదనంగా వచ్చే ఈ మెట్ల వల్ల ప్రయోజనం తక్కువ, మోత ఎక్కువ.

5. కాలప్రమాణం:
నట్టువాంగం తాళాల పక్కన స్వరం ఆలస్యమైతే వెంటనే తెలిసిపోతుంది. సెకనుకు 48,000 నమూనాల చొప్పున పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో బఫర్ 256 అయితే ఒక్క బఫర్ వల్ల ఆలస్యం సుమారు 5 మిల్లీసెకన్లు. 1,024 అయితే 21 మిల్లీసెకన్లు. రెండవది ఏడు మీటర్ల దూరం నుంచి వచ్చే ధ్వనితో సమానం. ఈ ఆలస్యం కంప్యూటర్‌లో పుట్టేది; ఎంత ఖరీదైన మెట్లు కొన్నా తగ్గదు.

6. ఎంపిక క్రమం:
అ) పిచ్ బెండ్ చక్రం నునుపుగా కదిలి, వదిలిన వెంటనే మధ్యస్థానానికి కచ్చితంగా రావాలి. మిడీ సంకేతాలను చూపే సాఫ్ట్‌వేర్‌తో కొనేముందే దీన్ని పరీక్షించవచ్చు.
ఆ) శ్రుతిని అర్ధస్వరం చొప్పున మార్చే బటన్ అందుబాటులో ఉండాలి.
ఇ) యు.ఎస్.బి. తీగ ద్వారానే విద్యుత్తు అందాలి.
ఈ) 49 లేదా 61 మధ్యరకం మెట్లు ఉండాలి.
ఉ) పియానో బోధన కూడా జరిగే కళాశాలలో సుత్తి తరహా మెట్ల కీబోర్డు సమంజసమే. అయితే దాన్ని గదిలో స్థిరంగా ఉంచి, ప్రదర్శనలకు తేలికైనది వేరుగా కొనడం మేలు.

7. ముగింపు:
పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ మాండలిన్‌ను ఉన్నదున్నట్టుగా స్వీకరించలేదు. జంట తీగలకు బదులు ఒంటి తీగలు గల విద్యుత్ మాండలిన్‌ను గమకానికి అనువుగా మలచుకున్నారు. పరాయి వాద్యం మన సంగీతంలో నిలవాలంటే ముందుగా గమకానికి లొంగాలని ఆ అనుభవం చెబుతోంది. మిడీ కీబోర్డుకూ ఇదే కొలమానం వర్తిస్తుంది. మెట్టు బరువు పియానో సంప్రదాయం నుంచి వచ్చిన ప్రమాణం. కూచిపూడి రంగస్థలానికి అది రెండవ స్థానంలో ఉండదగినదే గాని మొదటిది కాదు.