కిరాయి ఇల్లు: బెడ్‌రూమ్‌కు ఇంతమందే ఉండాలనే రూల్ ఉందా..? జనగామ, మానుకోట, భూపాలపల్లిలో ఇల్లు వెతికేవాళ్లు ఇవి తెలుసుకోండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. ఈ మూడు పట్టణాల్లో ఎక్కడ టులెట్ బోర్డు చూసి గేటు తట్టినా ఓనర్ నోట ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే. "ఎంతమంది ఉంటరు?" భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అంటే సరే. అమ్మానాన్న కూడా మాతోనే ఉంటరని చెప్పగానే మాట మారిపోతుంది. "డబుల్ బెడ్‌రూమ్‌లో నలుగురికే రూల్" అనేవాళ్లూ ఉన్నారు. దాంతో ఆరుగురున్న కుటుంబం చేసేదేం లేక పెద్దవాళ్లను ఊళ్లోనే వదిలి రావడమో, బడ్జెట్ దాటి పెద్ద ఇల్లు తీసుకోవడమో చేస్తోంది. మరి నిజంగానే అలాంటి రూల్ ఉందా?

లేదు. ఒక బెడ్‌రూమ్‌లో ఇంతమందే ఉండాలని తెలంగాణలో కిరాయి ఇళ్లకు లెక్క కట్టిన చట్టం ఏదీ లేదు. ఓనర్ చెప్పేది ఆయన పెట్టుకున్న షరతు మాత్రమే. అయితే ఒప్పుకొని సంతకం పెడితే మాత్రం ఆ షరతుకు బలం వస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఈ మూడు చోట్లా ఇళ్లకు గిరాకీ ఊరికే పెరగలేదు. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ నుంచి విడిపోయి ఇవి జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్, ఎస్పీ ఆఫీసు, వాటి వెంట పదుల సంఖ్యలో శాఖలు వచ్చాయి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. జనగామకు హైదరాబాద్ హైవే, రైలు రెండూ ఉన్నాయి కాబట్టి ఇక్కడ కాపురం పెట్టి అటు ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లూ ఉంటారు. మానుకోటకు చుట్టుపక్కల తండాల నుంచి పిల్లల చదువు కోసం వచ్చేవాళ్లు ఎక్కువ. భూపాలపల్లి సంగతి వేరు. సింగరేణి గనులు, చెల్పూరు థర్మల్ పవర్ ప్లాంట్ ఉన్న చోటు. కంపెనీ క్వార్టర్ దొరకని కార్మికుడు, కాంట్రాక్ట్ కార్మికుడు బయట పోర్షన్ చూసుకోవాల్సిందే.

గది సైజుకు లెక్క ఉంది.. మనుషులకు లేదు

జాతీయ భవన నిర్మాణ కోడ్ గది ఎంత ఉండాలో చెబుతుంది. ఇంట్లో ఒకటే గది ఉంటే అది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే దాదాపు 102 చదరపు అడుగులు ఉండాలి. రెండు గదులుంటే ఒకటి 9.5, రెండోది 7.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు. వంటగది 5 చదరపు మీటర్లు, గది ఎత్తు 2.75 మీటర్లు, అంటే సుమారు 9 అడుగులు. మన దగ్గర మామూలుగా కనిపించే "పది బై పది" బెడ్‌రూమ్ సరిగ్గా 100 చదరపు అడుగులు. అంటే పెద్ద గది కొలతకు అది రెండడుగులు తక్కువే! ఈ కోడ్ ఇల్లు కట్టేవాళ్ల కోసం రాసింది. అందులో ఎంతమంది పడుకోవాలో అది చెప్పదు.

బయటి దేశాల్లో మాత్రం మనుషుల లెక్క ఉంది. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే అమెరికాలోని టెక్సాస్‌నే తీసుకుంటే, బెడ్‌రూమ్‌కు ముగ్గురు పెద్దవాళ్లను మించి ఉంచకూడదని ఓనర్లకు అక్కడి చట్టం పరిమితి పెట్టింది. బెడ్‌రూమ్‌కు ఇద్దరు అన్న లెక్క మామూలుగా సబబేనని అమెరికా గృహ నిర్మాణ శాఖ 1991 నాటి మెమోలో చెప్పింది. గది సైజు, పిల్లల వయసు కూడా చూడాలని అందులోనే ఉంది. పిల్లలున్నారని ఇల్లు ఇవ్వకపోవడం అక్కడ 1988 సవరణ నుంచి నేరుగా చట్టవిరుద్ధం. బ్రిటన్‌లో భార్యాభర్తలు కాని ఆడ, మగ పదేళ్లు దాటాక ఒకే గదిలో పడుకోవాల్సి వస్తే ఆ ఇల్లు ఇరుకైనట్టు లెక్క. మన దగ్గర వినిపించే "బెడ్‌రూమ్‌కు ఇద్దరు" మాట అమెరికా లెక్కలాగే ఉంటుంది.. కానీ పిల్లలున్న కుటుంబానికి అక్కడున్న రక్షణ మాత్రం ఇక్కడ కనిపించదు.

మరి ఓనర్ ఎందుకు అడుగుతారు?

వాళ్ల బాధ వాళ్లకూ ఉంది. ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకు నింపేది ఓనరే. సెప్టిక్ ట్యాంక్ త్వరగా నిండుతుంది. మనిషికింత అని నీళ్ల చార్జీ అడగడం వెనుక ఉన్న లెక్క ఇదే. కాబట్టి గొడవ పడే బదులు నీళ్లకు నెలకు ఎంతో ముందే తేల్చుకోవడం మేలు. ఆరుగురున్నామని దాచి నలుగురమని చెప్పి దిగితే, రెండో నెల్లోనే విషయం తెలిసిపోతుంది. అప్పుడు తప్పు కిరాయిదారు వైపే కనిపిస్తుంది.

అగ్రిమెంట్‌లో కుటుంబ సభ్యులందరి పేర్లూ, వయసులూ రాయించుకోవడం అన్నిటికంటే ముఖ్యం. పండక్కొచ్చే చుట్టాల సంగతి కూడా ఒక లైనులో రాసుకోవచ్చు. కన్నతల్లిని తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం సబ్‌లెట్ కాదు. ఇంట్లో ఒక గదిని వేరేవాళ్లకు కిరాయికి ఇచ్చి డబ్బు తీసుకుంటే అది సబ్‌లెట్. ఈ రెంటికీ తేడా తెలియక భయపడి ఖాళీ చేసేవాళ్లున్నారు.

ఇక చట్టం సంగతి. కిరాయిల నియంత్రణకు 1960 నాటి చట్టం ఉంది. కానీ 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ కాని చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లు దాని పరిధిలోకి రావు. ఈ మూడూ కార్పొరేషన్లు కావు. ఇవాళ 2,000కు కుటుంబం ఉండే ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి ఆచరణలో వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని ప్రకారం నెలవారీ కిరాయి ఇంటిని ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంట్‌లో వేరేలా ఉంటే అదే చెల్లుతుంది. అందుకే "నెల ముందు చెప్పాలి", "రెండు నెలల ముందు చెప్పాలి" అన్న లైన్ చాలా విలువైనది. చాలామంది అగ్రిమెంట్ 11 నెలలకే రాసుకుంటారు. అడ్వాన్స్ రెండు నెలల కిరాయి మించొద్దని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఉంది. నమూనా కాబట్టి రాష్ట్రం సొంత చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది. అయినా బేరమాడేటప్పుడు చెప్పుకోవడానికి పనికొస్తుంది.

మీటర్ చూశాకే అడ్వాన్స్

తక్కువ కిరాయి అని ఆశపడి చాలామంది దెబ్బతినేది కరెంట్ దగ్గర. గృహజ్యోతి కింద రేషన్ కార్డున్న కుటుంబానికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది. 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న ఈ పథకం కిరాయిదారులకూ వర్తిస్తుంది. కానీ ఇంటికి విడి మీటర్ ఉండాలి. ఉదాహరణకు రెండు పోర్షన్లు, ఒక్కోదాంట్లో 120 యూనిట్లు. విడివిడి మీటర్లుంటే ఇద్దరికీ జీరో బిల్లు రావచ్చు. ఒకే మీటర్ మీద ఉంటే 240 అవుతుంది, మొత్తానికీ బిల్లు కట్టాలి. సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కింత అని ఓనర్ వసూలు చేసే చోట కూడా ఈ లాభం పోయినట్టే. కాబట్టి కిరాయి 500 తక్కువున్న ఉమ్మడి మీటర్ పోర్షన్ కన్నా విడి మీటర్ ఉన్నదే చివరికి చవక పడొచ్చు.

అపార్ట్‌మెంట్ అయితే ఇంకో మెలిక. "వెయ్యి ఎస్‌ఎఫ్‌టీ" అని చెప్పేదాంట్లో మెట్లు, కారిడార్ కూడా కలిపి ఉంటాయి. టేపు తీసుకెళ్లి గోడ నుంచి గోడకు కొలుచుకోవాలి. మంచం, బీరువా పెట్టాక పిల్లలు పడుకోవడానికి నేల మిగులుతుందా లేదా అన్నది ఆ టేపే చెబుతుంది. హాలు పెద్దగా ఉన్న సింగిల్ బెడ్‌రూమ్ కొన్నిసార్లు ఇరుకైన డబుల్ కన్నా నయం. మెయింటెనెన్స్, నీళ్లు కలిపి నెలకు మొత్తం ఎంతో అడిగి, ఆ అంకెతోనే ఇళ్లను పోల్చుకోవాలి. అడ్వాన్స్ ఫోన్‌పేలో వేస్తే రికార్డు ఉంటుంది. చేతికిస్తే రసీదు రాయించుకోవాలి. సున్నం, పెయింట్ పేరుతో ఎంత పట్టుకుంటారో కూడా అప్పుడే అడగాలి.

ఇన్ని చేసినా మనుషులు ఎక్కువయ్యారని ఓనర్ తాళం వేస్తే? కోర్టు ఆర్డర్ లేకుండా బలవంతంగా బయటకు పంపడం కుదరదు. అలా జరిగితే ఆరు నెలల్లోపు సివిల్ కోర్టుకు వెళ్లి ఇల్లు తిరిగి ఇప్పించమని అడగవచ్చు. లాయర్ ఫీజు పెట్టుకోలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సాయం అందుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.